శంఖం గుర్తు ఫిల్టరు

సేల్స్ టాక్సు ఆఫీసులో రైడు సంగతి పరమ రహస్యం. దేవనాథన్ ఇంట్లో మాత్రం అది అందరికీ ముందే తెలిసిపోతుంది. ఆ రోజు అతను నామం కాస్త దిట్టంగా పెట్టుకుంటాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు, కాఫీ సగంలో వదిలేస్తాడు.

"ఈరోజు ఎవరి అంగడి?" అంది వకుళాదేవి, భర్త వదిలేసిన టంబ్లరు అందుకుంటూ.

"అంగడేమి? ఆఫీసు పని."

"సరే, ఆఫీసు పనే. జేబులో టార్చిలైటు ఎందుకు? ఆఫీసులో కరెంటు పోయిందా?"

దేవనాథన్ టార్చిలైటు తీసి సంచీలో వేసుకున్నాడు. అతనికి అబద్ధం చెప్పడం రాదు. పన్ను ఎగ్గొట్టేవాళ్ళను పట్టుకునే ఉద్యోగానికి అది గుణమో లోపమో, వకుళాదేవి బి.ఏ.లో చదివిన తర్కశాస్త్రం కూడా తేల్చలేకపోయింది.

"గోవిందస్వామి," అన్నాడు చివరికి, చెప్పులు వేసుకుంటూ, గోడకు చెబుతున్నట్టు. "ఎవరితోనూ అనొద్దు."

ఆ పేరు వినగానే ఆమె చేతిలోని టంబ్లరు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఏమీ ఎరగనట్టు ఆ మిగిలిన కాఫీ ఆమే తాగేసింది.

తిరుపతి బజారులో ఎవర్‌సిల్వరు స్టీలు పాత్రలంటే గోవిందస్వామి అంగడే. కొండ మీద పెళ్ళి చేసుకునేవాళ్ళు, గృహప్రవేశాలకు చదివించేవాళ్ళు, అందరూ అక్కడికే పోతారు. అంగడి గడపలో వెంకటముని పేర్లు చెక్కే మిషను పట్టుకుని కూర్చుంటాడు. ముహూర్తాల నెలల్లో ఆ మిషను గుర్రుమనే చప్పుడుకు వీధి వీధంతా పళ్ళు జివ్వుమంటాయి. పేరు లేని పాత్రను ఎవరూ ఇంటికి తీసుకుపోరు. పెళ్ళి వంటల్లో పది ఇళ్ళ సామాను కలిసిపోయినప్పుడు ఎవరిది ఎవరిదో తెలియాలంటే పేరే ఆధారం. కొనుక్కున్నదైతే కొన్నవాళ్ళ పేరు, చదివించేదైతే ఇచ్చినవాళ్ళ పేరు, పక్కన తేదీ. ఇక్కడి ఆడవాళ్ళకు ఇది ముగ్గు వేయడమంత మామూలు సంగతి.

మధ్యాహ్నం దేవనాథన్ తిరిగొచ్చినప్పుడు ఇస్త్రీ చొక్కా నలిగిపోయి ఉంది. నామం చెమటకు కరిగి ముక్కు మీదికి దిగింది.

"బాదంపాలు ఇచ్చినాడు," అన్నాడు వాలుకుర్చీలో కూలబడుతూ.

"తాగినారా?"

"రైడుకు పోయి బాదంపాలు తాగతారా? పెళ్ళిళ్ళ నెలంతా బిల్లుపుస్తకం తిరగేసినా. ఏ రోజు చూసినా రెండు గరిటెలు, ఒక జల్లెడ. రెండు గరిటెలు, ఒక జల్లెడ. ఈ ఊళ్ళో ఎవరూ బిందె కొనలేదు, అన్నం వండే గుండాను కొనలేదు. అందరూ గరిటెలతోనే సంసారం చేస్తా ఉండారు!"

"గోడౌను చూడకపోయినారా?"

"చూసినా. గోడౌనులో కూడా గరిటెలే."

వకుళాదేవికి నవ్వు వచ్చింది గాని అతని మొహం చూసి మింగేసింది. మరుసటి రోజు ఆమె అలా మింగేసినందుకు సంతోషించింది. ఎందుకంటే మంగళవారం మధ్యాహ్నానికి ఆ నవ్వులాట కాస్తా మరోలా తిరిగింది.

గోవిందస్వామి ఊరుకోలేదు. చిత్తూరు పెద్దాఫీసరుకు తంతి కొట్టాడు: దేవనాథన్ మామూలు అడిగాడు, ఇవ్వనందుకు కక్షగట్టి రైడు చేశాడు. గురువారం ఆ పెద్దాఫీసరు దొరస్వామిగారు స్వయంగా తిరుపతికి విచారణకు వస్తున్నాడు.

"రుజువు చూపించలేకపోతే?" అంది వకుళాదేవి.

"తడ చెక్‌పోస్టుకు బదిలీ. పులికాట్ ఒడ్డున. రొయ్యల లారీలు ఆపుకుంటా, కొంగలను చూసుకుంటా ఉండొచ్చు."

"రొయ్యలా! పెరుమాళ్ళే!" అంది లోపలినుంచి అత్తగారు రంగనాయకి. ఆమెకు మిగతాది వినిపించలేదు, రొయ్యలు మాత్రం వినిపించాయి.

"తడ పోతే పోనీ," దేవనాథన్ గొంతు తగ్గించాడు. "చెయ్యి చాచినాడనే మాట కాగితమ్మీద ఉండిపోతుందే, వకుళా. దాన్ని ఏ నీళ్ళతో కడగాలి?"

అతను అన్నం కూడా సరిగా తినకుండా మళ్ళీ ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

రంగనాయకి మడి వంటింట్లోకి కాఫీకి ప్రవేశం లేదు. ఆవిడ దృష్టిలో కాఫీ దొరలు తెచ్చిన మాలిన్యం. అయినా రోజుకు రెండుసార్లు ఆ మాలిన్యం ఆవిడకూ కావాలి, అందుకని హాల్లో కిటికీ పక్కన ఒక ముక్కాలిపీట మీద కాఫీ సామాను వేరుగా కాపురం పెట్టింది. స్టవ్వు, పొడి డబ్బా, వకుళాదేవి ఎవర్‌సిల్వరు ఫిల్టరు. "ఇనుముకు మెరుగు పెట్టి వెండి అంటే ఎట్లా? పేరులోనే అబద్ధం," అని ఆ ఫిల్టరును రంగనాయకి ఏనాడూ ముట్టుకోలేదు. అందులోంచి దిగిన డికాక్షన్‌తో మాత్రం ఆవిడకు పేచీ లేదు.

మధ్యాహ్నం కాఫీకి ముందు వకుళాదేవి ఫిల్టరు కడిగి, తడి పోవడానికి బోర్లించబోయింది. పిండి చల్లినట్టు సన్నటి గీతల్లో అక్షరాలు వెలుతురుకు మెరిశాయి.

వకుళాదేవి, 12-6-81.

పేరు కింద, వడ్లగింజంత శంఖం.

ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఫిల్టరు లోంచి నీటిచుక్కలు పాదం మీద పడుతున్నా కదల్లేదు.

"బిల్లెందుకమ్మా?" అన్నాడు కొన్న రోజున గోవిందస్వామి, వెంకటమునికి ఫిల్టరు అందిస్తూ. "బిల్లయితే చిరిగిపోతాది. మా శంఖం చిరిగేదా? కారినా, సొట్ట పోయినా ఇది చూపిస్తే చాలు, కొత్తది ఇస్తాం. మా గుర్తే మా బిల్లు. కాగితం బిల్లే కావాలంటే పన్ను కలిపి ఇంకొంచెం ఎక్కువవుతాది. మీ ఇష్టం." ఇష్టాన్ని తేల్చుకోవడానికి ఆమెకు ఆట్టే సేపు పట్టలేదు. ఇంటికొచ్చాక దేవనాథన్ "బిల్లుందా?" అంటే "ఉంది" అంది. గోవిందస్వామి లెక్క ప్రకారం అది అబద్ధం కూడా కాదు.

సాయంత్రం భర్త ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే అడిగింది.

"జూన్ పన్నెండున ఏమి అమ్మినట్టు రాసినాడు?"

అతను తన సంచీలోంచి బిల్లుపుస్తకం నకలు తీసి చూశాడు. "రెండు గరిటెలు, ఒక జల్లెడ. ఎందుకు?"

"ఊరికే."

ఊరికే కాదు. గోవిందస్వామి బిల్లులు బిల్లుపుస్తకంలో లేవు. అవి ఈ ఊళ్ళో ప్రతి వంటింట్లో, తేదీలతో సహా, బూడిద పెట్టి తోమి తళతళలాడుతున్నాయి!

పక్కింటి చంద్రకాంతమ్మది పలమనేరు వైపు. పెరట్లో ఆవులు, ఇంట్లో మొగుడు, రెండింటినీ ఒకే గొంతుతో అదిలిస్తుంది. వకుళాదేవి దొడ్డిగోడ దగ్గర నిలబడి గబగబా చెప్పుకుపోతుంటే ఆమె పాలచెంబు పట్టుకునే నోరు తెరిచింది.

"అయితే మా బిందె కూడా బిల్లేనా మే?"

"శంఖం ఉందా?"

"ఉండాది. తేదీ ఉండాది, నా పేరుండాది. పేరు ఇంత పొడుగుంటే చెక్కేదానికి మిషను అరిగిపోతాదని ఆ వెంకటముని గొణిగినాడు కూడా." అంతలోనే ఆమె మొహం మారింది. "కానీ ఆడ రేటు చెప్పమంటారా? మా ఆయనకి నేను వేరే రేటు చెప్పినా."

"ఎక్కువా, తక్కువా?"

"అది నేను సచ్చినా సెప్పను."

"రేటు ఎవరూ అడగరు. తేదీ చాలు."

"అట్లయితే గమ్మునుండు. మన వీధి నిర్మలమ్మ ఇంట్లో గుండాను ఉండాది. ఆమెను ఎట్లా పట్టుకొస్తానో రేపు సూడు."

బుధవారం సాయంత్రానికి నిర్మలమ్మ గుండాను, ఇంకెవరివో రెండు కూజాలు చంద్రకాంతమ్మ పశువుల కొట్టంలో గడ్డి కింద చేరాయి. వకుళాదేవికి చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడినంత హుషారుగా ఉంది. తన ఫిల్టరును మాత్రం పీట మీదే ఉంచింది. మిగతావాటితో పని జరిగిపోతే ఆ ఫిల్టరు ఫిల్టరుగానే ఉండిపోవచ్చని ఆమె లోపలి ఆశ.

ఆ ఆశకు గండి దీపాల వేళకు రిక్షాలో దిగింది.

గోవిందస్వామి వెనకే రిక్షావాడు ఒక పెద్ద బిందెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి హాల్లో దించాడు. దేవనాథన్ ఇంకా రాలేదు. రంగనాయకి జపమాల పక్కన పెట్టింది.

"సారుకి మా మీద ఏదో కోపమమ్మా," అన్నాడు గోవిందస్వామి చేతులు జోడించి. "మేము ఎదురు కోపం పెట్టుకుంటామా? చిన్న కానుక."

బిందె మెడ చుట్టూ దండలాగా అక్షరాలు: గోవిందస్వామి సప్రేమ కానుక. నిన్నటి తేదీ. కింద శంఖం.

"మాకొద్దండి. సారు ఒప్పుకోరు," అంది వకుళాదేవి.

"ఇంటికొచ్చిన మనిషికి కాఫీ అయినా ఇవ్వు," అంది రంగనాయకి. శత్రువైనా కాఫీ తాగే పోవాలి ఆవిడ శాస్త్రంలో.

వకుళాదేవి పాలు పొయ్యి మీద పెట్టింది. వెనక చిన్న చప్పుడైంది. తిరిగి చూస్తే గోవిందస్వామి పీట మీది ఫిల్టరును ఒక్క వేలితో మెల్లగా తిప్పుతున్నాడు. శంఖం ఎదురుగా వచ్చేసరికి వేలు ఆగింది. అతని మొహం మీదికి నెమ్మదిగా నవ్వు వచ్చింది.

"ఇది మా బోకే కదమ్మా? మా అంగడి పాత్రే?"

ఆమె పొంగబోతున్న పాలు దించింది.

"బిల్లుండాదా?" మర్యాదగానే అడిగాడు. "సారుకి తెలుసునా? తెలీదేమోలే. నేను సెప్పను. రేపు సారు ఆ ఫైలు గమ్మున మూసేస్తే ఈ ఫిల్టరు ఫిల్టరుగానే ఉంటాది. లేకుంటే ఇది ఏమవుతాదో నాకే తెలీదు."

కాఫీ తాగి, మూతి తుడుచుకుని, లేచాడు. "డికాక్షన్ బాగా దిగింది. సరుకు అట్లాంటిది మరి." బిందెను మాత్రం తీసుకుపోలేదు.

దేవనాథన్ వచ్చీ రావడంతోనే ఆ బిందెను వీధిలోకి విసిరేయబోయాడు. వకుళాదేవి అడ్డం నిలబడింది.

"ఉండనీండి. పొద్దున నేను పంపించేస్తా."

అంతా చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెబితే? రేపు అక్కడ 'నీకు తెలుసా' అని ఎవరైనా అడిగితే ఈ మనిషి తెలుసు అనేస్తాడు. చెప్పకపోతే తెలీదు అంటాడు, ఆ మొహం చూసి అందరూ నమ్ముతారు. అతనికి అబద్ధం రాకపోవడం గుణమేనని ఆమె ఆ క్షణంలో తేల్చుకుంది. ఫిల్టరులో మిగిలిన డికాక్షన్ వంచేసి, గట్టిగా తోమి, అవసరమైతే తనే బయటపెట్టాలని సంచీలో పెట్టుకుంది.

గురువారం పొద్దున జట్కా కదిలినప్పటినుంచి ఆఫీసు చేరేదాకా లోపల బిందెలూ గుండానూ కూజాలూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూనే ఉన్నాయి. గుర్రం బెదిరి చెవులు రిక్కించింది. "పెండ్లికా తల్లీ?" అన్నాడు జట్కావాడు. "తద్దినానికి. పద," అంది చంద్రకాంతమ్మ.

దొరస్వామిగారు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. లావు కళ్ళద్దాలు, నిదానమైన మనిషి. పక్కన కాగితాలతో ఆఫీసు గుమాస్తా. ఎదురుగా కుర్చీలో గోవిందస్వామి, బల్ల మీద అతని బిల్లుపుస్తకాలు. దేవనాథన్ మాత్రం ఓ పక్కగా నిలబడి ఉన్నాడు. భార్యను చూసి అతని కనుబొమలు నామాన్ని దాటి పైకి పోయాయి.

"ఎవరమ్మా మీరంతా?" అన్నాడు పెద్దాఫీసరు.

"బోకులు తెచ్చినాం సామీ," అంది చంద్రకాంతమ్మ, బిందెను బల్ల మీద ధబీమని దించి. "ఈ రెడ్డొచ్చె మొదలాడె అన్నట్టు అంతా తిరిగి అడగొద్దు. ఇవన్నీ ఈయప్ప దగ్గర కొన్నవి. ఒక్కదానికీ బిల్లియ్యలేదు. తేదీలు ఈడనే ఉండాయి, సూసుకోండి."

గోవిందస్వామి కుర్చీలోంచి లేవను కూడా లేదు. "ఊళ్ళో ఎన్ని అంగళ్ళు లేవు సార్? శంఖం ఎవడైనా చెక్కుకోవచ్చు. ఇవి మావి కావు."

ఈ మాట అంటాడని వకుళాదేవి అనుకోనేలేదు.

చంద్రకాంతమ్మ మాత్రం నింపాదిగా బిందెను తట్టింది. ఖంగుమంది.

"కాదంటివి కదా, అయితే కాదులే. నాకూ అనుమానమే. ఇంత మందం రేకు నీ దగ్గర యాడ దొరకతాది? ఎదురంగడోడిదే అయ్యుంటాది. వాడి సరుకు సూడు, ఎన్నిసార్లు పడినా సొట్ట లేదు. నిర్మలమ్మా, మనం ఇన్నాళ్ళూ పేరు తప్పు చెప్తా ఉండామే! ఇంకమీద ఎవురడిగినా ఎదురంగడికే పొమ్మందాం."

"అవునక్కా. ఈయన దగ్గర రేకు పలచన," అంది నిర్మలమ్మ.

గోవిందస్వామి మెడ ఎర్రబడింది.

"వాడా?" అన్నాడు. "వాడు అమ్మేది రేకా? అప్పడం! వేలితో నొక్కితే లోపలికి పోతాది. ఇది మా మద్రాసు సరుకు, అడుగు సూడండి, అంచు సూడండి, అతుకు కనపడతాదా? తిరుపతిలో ఇట్లాంటి బిందె ఇంకొకడు అమ్మినాడంటే నేను అంగడి మూసేస్తా!"

ఆ మాట ఎక్కడిదాకా వచ్చిందో అతనికి గుమాస్తా దగ్గు విన్నాక తెలిసింది.

దొరస్వామిగారు కళ్ళద్దాలు సర్దుకుని బిందె మీద తేదీ చదివాడు. బిల్లుపుస్తకంలో అదే తేదీ వెతికాడు. "రెండు గరిటెలు," అన్నాడు. గుండాను తిప్పి మళ్ళీ వెతికాడు. "రెండు గరిటెలు, ఒక జల్లెడ." కూజా దగ్గరికి వచ్చేసరికి పుస్తకం చూడకుండా గుమాస్తానే చెప్పేశాడు.

వకుళాదేవి ఊపిరి వదలబోయింది. అంతలో గోవిందస్వామి లేచాడు.

"సార్, అందరివీ సూసినారు. ఆ సంచీ కూడా తెరవమనండి. ఆమె ఈ సారు భార్య. మూత పైకే కనపడతా ఉండాది, అందులో మా ఫిల్టరుండాది. సారు నోరు తెరిచి అడిగితే ఊరికే ఇచ్చినా. ఇదీ ఈయన నిజాయితీ!"

దేవనాథన్ భార్య వైపు చూశాడు. ఆమె సంచీలోంచి ఫిల్టరు తీసి బల్ల మీద పెట్టింది.

"డబ్బిచ్చి కొన్నారా అమ్మా?" అన్నాడు దొరస్వామి.

"కొన్నాను సార్."

"బిల్లు?"

"లేదు."

ఇన్ని ఇళ్ళ నుంచి రుజువులు ఏరుకొచ్చింది, తను డబ్బిచ్చిన రుజువు మాత్రం తన దగ్గర లేదు. మిగుల్చుకున్న ఆ కాస్త పన్ను ఇప్పుడు మొగుడి మొహం మీద మసిగా అంటుకోబోతోంది. గోవిందస్వామి కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు, హాయిగా.

ఆమె చూపు ఫిల్టరు మీద పడింది. వకుళాదేవి, అని తన పేరే తనను చూస్తోంది. తన పేరు.

"చంద్రకాంతమ్మా," అంది. "ఆ జట్కాలో మిగిలిన బిందె ఇట్లా తెప్పించండి."

కొత్త బిందె వచ్చింది. వకుళాదేవి దాన్ని పెద్దాఫీసరు వైపు తిప్పింది.

"నిన్న సాయంత్రం ఈయన మా ఇంట్లో పెట్టి పోయిన కానుక సార్ ఇది. మా అత్తగారు సాక్షి. పేరు చదవండి."

"గోవిందస్వామి సప్రేమ కానుక," చదివాడు దొరస్వామి.

"మా ఊళ్ళో కొనుక్కున్నవాళ్ళు తమ పేరు వేయించుకుంటారు, ఊరికే ఇచ్చేవాళ్ళు వాళ్ళ పేరు వేయిస్తారు. ఈయన గుళ్ళో ఇచ్చిన గంట మీద ఈయన పేరుంది. చలిపందిట్లో గొలుసుతో కట్టిన గ్లాసు మీద కూడా ఈయన పేరే. నీళ్ళు తాగినవాళ్ళందరూ చదివే తాగతారు. అట్లాంటి మనిషి ఫిల్టరు ఊరికే ఇచ్చి, దాని మీద నా పేరు వేయించినాడంట. మీరు నమ్మతారా?"

"ఈయప్పా?" అంది చంద్రకాంతమ్మ. "ఎంగిలి చేత్తో కాకిని తోలినా ఆ కాకి రెక్క మీద పేరేయించే మనిషి!"

గుమాస్తా ఈసారి దగ్గలేదు, నవ్వేశాడు. దొరస్వామిగారు ఫిల్టరునూ బిందెనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. గోవిందస్వామి బల్ల మీదికి చూడ్డం మానేశాడు.

"అయితే," అన్నాడు పెద్దాఫీసరు ఆమె వైపు తిరిగి, "ఆఫీసరు భార్య అయ్యుండి బిల్లు లేకుండా కొన్నారు. ఎందుకమ్మా?"

వకుళాదేవి ఒక్క నిమిషం ఆలోచించింది. మంచి కారణం ఏదీ దొరకలేదు.

"తక్కువకొస్తుంటే కొన్నాను సార్."

"మీకు తెలుసా?" అని దేవనాథన్‌ను అడిగాడు.

"తెలీదు సార్," అన్నాడు దేవనాథన్. ఆ మొహం చూశాక మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు.

పులికాట్ మాట ఎవరూ ఎత్తలేదు. కానీ సర్కారు సర్కారే. పాత్రలన్నీ సాక్ష్యం కింద అక్కడే ఉండిపోయాయి, ఫిల్టరుతో సహా. ఒక్కొక్క దానికి ఒక్కొక్క రసీదు. "బోకు తీసుకుని కాగితం ఇస్తారా? ఇందులో నీళ్ళు నిలుస్తాయా?" అని చంద్రకాంతమ్మ గుమాస్తాతో జట్కా ఎక్కేదాకా పోట్లాడింది.

శుక్రవారం పొద్దున కాఫీ గుడ్డలో వడగట్టారు. రంగనాయకి ఒక గుక్క తాగి టంబ్లరు కింద పెట్టింది.

"అబద్ధపు వెండి అయితేనేమి, ఆ ఫిల్టరే మేలు," అంది.

దేవనాథన్ ఏమీ అనలేదు. నిన్నటి నుంచీ అతను ఏమీ అనడం లేదు. వకుళాదేవి అడగనూ లేదు. గుడ్డకాఫీని ఒక్క చుక్క మిగల్చకుండా తాగి ఆఫీసుకు పోయాడు. అంత నిరసనను ఆమె ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం సంచీతో వచ్చాడు. అందులోంచి కాగితం చుట్టిన ఫిల్టరు తీసి ముక్కాలిపీట మీద పెట్టాడు.

"యాడ కొన్నారు?"

"గోవిందస్వామి అంగట్లో. ఆయనే దగ్గర కూర్చొని కొత్త పుస్తకంలో బిల్లు రాసినాడు." కొంచెం ఆగాడు. "ఊళ్ళో మందం రేకు ఆయన దగ్గరే."

వకుళాదేవి ఫిల్టరును కిటికీ వెలుతురుకు తిప్పింది. తన పేరు. తేదీ. వడ్లగింజంత శంఖం. దాని కింద, వెంకటముని ఎన్నడూ చెక్కి ఉండని ఇంకొక వరుస: బిల్లు నంబరు 1.

ఆమె భర్త వైపు చూసింది. అతను చాలా శ్రద్ధగా చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు. పెదవుల చివర ఏదో దాచుకున్నాడు, దాచుకోవడం ఎప్పటిలాగే చేతకాలేదు.

పొడి వేసి, మరిగే నీళ్ళు పోసి, మూత పెట్టింది. డికాక్షన్ చుక్కచుక్కగా దిగుతోంది. కాగితం పొట్లంలోంచి జారిపడిన బిల్లును తీసి రేటు చూసింది, పన్ను చూసింది. ఆ పన్ను డబ్బులకు ఒక టంబ్లరైనా వచ్చేదే అనుకుంది.

పైకి మాత్రం అనలేదు.